ఇంటి పిల్లి తప్పిపోయిందా? పిలవడం ఆపి, టార్చి పట్టుకుని దగ్గర్లోనే వెతకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. రెండేళ్ల ఆడపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, మీ ఇంటికి వచ్చినప్పటి నుంచి గడప దాటలేదు. శుక్రవారం మధ్యాహ్నం గ్యాస్ బండ తెచ్చినతను తలుపు ఓరగా వదిలేస్తే బయటికి పోయింది. మూడు రోజులుగా మీరూ మీవారూ వీధులన్నీ తిరిగి పేరు పెట్టి పిలుస్తున్నారు, జాడ లేదు. వాచ్‌మన్ "పిల్లి కదమ్మా, అదే వస్తుంది" అంటున్నాడు. ఆశ పెట్టుకోవచ్చా, ఏం చేయాలి అన్నారు.

ఆశ పెట్టుకోవచ్చు. గట్టిగానే పెట్టుకోవచ్చు. పద్నాలుగేళ్లుగా తప్పిపోయిన పిల్లుల్ని వెతికిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మీ పిల్లి మీ బిల్డింగులోనో, పక్క కాంపౌండులోనో ఏదో ఇరుకు సందులో నోరు మెదపకుండా కూర్చుని ఉండే అవకాశమే ఎక్కువ. వీధులు తిరగడం ఈ రోజుతో ఆపేయండి. రాత్రికి టార్చి పట్టుకుని సెల్లార్ నుంచి డాబా దాకా మీ బిల్డింగునే అంగుళం అంగుళం చూడండి. వాచ్‌మన్ మాట నమ్మి ఎదురుచూస్తూ మాత్రం కూర్చోకండి. బయట తిరిగి అలవాటున్న పిల్లి దానంతటదే వస్తుంది. ఇంట్లోనే పెరిగిన పిల్లికి మీ గుమ్మం బయటి నుంచి ఎలా ఉంటుందో కూడా తెలియదు.

మరి పిలిస్తే ఎందుకు పలకదు? అందరూ ముందు అడిగేది ఇదే. పిల్లి ఎలుకను వేటాడుతుంది, దాన్ని కుక్క వేటాడుతుంది. తనది కాని చోట పడ్డప్పుడు దానికి తెలిసిన రక్షణ ఒక్కటే: కదలకుండా, చప్పుడు చేయకుండా ఉండటం. పలికితే తానున్న చోటు అందరికీ తెలిసిపోతుంది. ఆ భయంలో మీ గొంతుకు మినహాయింపేమీ ఉండదు. పలకలేదంటే మిమ్మల్ని మరిచిపోయిందని కాదు, కోపమూ కాదు. దయచేసి అలా అనుకుని బాధపడకండి.

నాకిది మా పిల్లి చిట్టి నేర్పింది. విజయవాడలో అద్దెకుండే రోజులు, ఇంటికి సున్నాలు వేస్తున్నారు, ఆ గందరగోళంలో బయటికి ఉరికింది. ఐదు రోజులు పొద్దున్నా సాయంత్రం వీధి చివరిదాకా వెళ్లి పిలిచాను. ఆరో రాత్రి కరెంటు పోతే టార్చి తీసుకుని బయటికి వచ్చాను. పక్కనే కడుతున్న ఇంటి ముందు సెంట్రింగ్ చెక్కలు పేర్చి ఉన్నాయి. ఊరికే అటు వెలుగు తిప్పితే, చెక్కలకూ గోడకూ మధ్య జానెడు సందులో రెండు ఆకుపచ్చ చుక్కలు మెరిశాయి. వంగి చూస్తే ముఖమంతా సిమెంటు దుమ్ము, మీసాలకు బూజు. కళ్లు నా మీదే ఉన్నాయి, ఒళ్లు మాత్రం రాయిలా బిగుసుకుపోయి ఉంది. మా గేటు నుంచి లెక్కపెడితే పన్నెండు అడుగులు. ఐదు రోజులూ ఆ చెక్కల పక్కనే నిలబడి పిలిచానన్నమాట. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆ రాత్రి నాకు తెలిసింది. దాన్ని చూశాక కూడా నా దగ్గరికి రావడానికి గంటన్నర పట్టింది.

నా ఒక్కదాని అనుభవమే కాదు. తప్పిపోయిన 1,210 పిల్లుల వివరాలు సేకరించి చేసిన పరిశోధన ఒకటి 2018లో అచ్చయింది. అందులో దొరికిన పిల్లుల్లో 75 శాతం, తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే దొరికాయి. బయట తిరిగే పిల్లుల కంటే ఇంటి పట్టున ఉండేవి ఇంకా దగ్గర్లో దొరికాయి. మొత్తం పిల్లుల్లో మూడో వంతు మొదటి 7 రోజుల్లోనే ప్రాణాలతో ఇల్లు చేరాయి. యజమానులు కాళ్లరిగేలా తిరిగి, వంగి, పాకి వెతికిన చోట ప్రాణాలతో దొరికే అవకాశం పెరిగిందని కూడా తేలింది. మీకిది మూడో రోజు. చేతిలో ఇంకా మంచి సమయం ఉంది.

ముందుగా సీసీ కెమెరా. చాలా అపార్ట్‌మెంట్లలో పాత రికార్డింగు కొన్ని రోజులకే చెరిగిపోయి దాని మీద కొత్తది పడుతుంది. ఈ రోజే సెక్రటరీని అడిగి శుక్రవారం మధ్యాహ్నం మెట్లు, గేటు, సెల్లార్ కెమెరాలు చూడండి. గేటు దాటినట్టు కనబడకపోతే సగం బరువు దిగినట్టే. కిందికి దిగిందని కూడా ముందే అనుకోకండి. బెదిరిన పిల్లి పైకి కూడా పోతుంది. డాబా మీద లిఫ్టు మెషీన్ గది, నీళ్ల ట్యాంకుల కింద, సోలార్ హీటర్ల వెనక, పిట్టగోడ పక్క పారేసిన పాత కుండీల మధ్య చూడాలి.

తర్వాత టార్చి. పగలు కూడా టార్చితోనే చూడండి. రాత్రయితే పదకొండు దాటాక, వీధి సద్దుమణిగాక బయల్దేరండి. టార్చిని నడుము దగ్గర కాకుండా మీ కణత పక్కన, కంటి ఎత్తులో పట్టుకోండి. పిల్లి కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. వెలుగు ఎటు నుంచి వస్తే అటే తిరిగి పోతుంది కాబట్టి మీ కంటి పక్క నుంచి వేస్తేనే ఆ మెరుపు మీకు కనబడుతుంది. ఫోన్ లైటు దీనికి చాలదు, ఫోకస్ ఉన్న టార్చి కొనండి. ఒక్కో చోట ఆగి, మోకాళ్ల మీద కూర్చుని, నేలకు తల ఆనించి చూడండి. పిల్లి ఎత్తు నుంచి చూస్తే నిలబడి ఉన్నప్పుడు లేని సందులెన్నో కనబడతాయి.

హైదరాబాద్ ఫ్లాట్లలో నాకు ఎక్కువసార్లు పిల్లి దొరికిన చోట్లు: కవరు కప్పి నెలల తరబడి కదలని కార్ల కింద, జనరేటర్ వెనక, మెట్ల కింద పాత సామాన్లలో, మీటర్ల గదిలో, లిఫ్టు గుంటలో, ఆ తర్వాత డక్ట్‌లో. ఈ డక్ట్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. బాత్రూముల వెనక పైపులు దిగే ఆ సన్నటి చిమ్నీ లాంటి ఖాళీని ఎవరూ చూడరు. బాల్కనీ నుంచో యుటిలిటీ కిటికీ నుంచో జారిన పిల్లి అందులో అడుగుకు చేరితే పైకి ఎక్కలేదు. అరిచినా పైపుల్లో నీళ్ల చప్పుడులో వినబడదు. మల్కాజిగిరిలో ఒక పిల్లిని అలాగే ఐదో రోజు తీశాం. కింది అంతస్తు వాళ్ల బాత్రూము వెంటిలేటర్ అద్దం పలకలు రెండు ఊడదీసి, టార్చి లోపలికి పెట్టి కిందికి చూస్తే పైపు వంపు మీద ముడుచుకుని ఉంది.

కార్ల సంగతి మరొకటి. బానెట్ లోపల ఇంజన్ దగ్గర కూడా దూరతాయి. బిల్డింగులో అందరికీ చెప్పండి, బండి తీసే ముందు బానెట్ మీద నాలుగు దెబ్బలు గట్టిగా కొట్టమని.

ఇరుగుపొరుగును అడిగే తీరు కూడా ముఖ్యమే. "మా పిల్లి కనబడిందా?" అంటే "లేదండీ" అన్న మాటతో తలుపు మూసుకుంటుంది. వాళ్లు అబద్ధమాడరు, అసలు చూసి ఉండరు. "ఐదు నిమిషాలు మీ బాల్కనీ, సజ్జ మీద, మంచం కింద నేనే చూసుకోనా?" అని అడగండి. చాలామంది సరేనంటారు. తాళం వేసి ఉన్న ఫ్లాట్ల జాబితా వాచ్‌మన్ దగ్గర తీసుకోండి. ఒకసారి సంక్రాంతికి నెల్లూరు వెళ్లినవాళ్ల ఇంట్లో, వాళ్లు సామాన్లు లిఫ్టులో పెడుతుండగా పక్కింటి పిల్లి దూరింది. తొమ్మిది రోజులు. ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి, బంధువుల దగ్గరున్న రెండో తాళంచెవి తెప్పించి తెరిస్తే బాత్రూము బకెట్లో నీళ్లు తాగి బతికి ఉంది. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత మీ మెట్ల మీద ఎవరెవరు తలుపులు తీశారో, ఎవరు ఊరెళ్లారో కనుక్కోండి.

తిండి విషయం. ఘాటైన వాసన కావాలి. నెత్తళ్లు కొద్దిగా వేడిచేసి, లేదా అది రోజూ ఇంట్లో తినే తిండే, రోజూ ఒకే చోట ఒకే వేళకు పెట్టండి. అన్నిచోట్లా పెడితే వీధికుక్కలు చేరతాయి, కుక్కలున్నచోట మీది బయటికి రాదు. గిన్నె చుట్టూ బియ్యప్పిండి పల్చగా చల్లి ఉంచితే పొద్దున్నే అడుగులు చూసుకోవచ్చు. పిల్లి అడుగు గుండ్రంగా ఉంటుంది, గోళ్ల గుర్తులు పడవు. కుక్క అడుగులో గోళ్లు కనబడతాయి. బజారు ముగ్గుపిండి మాత్రం వద్దు, పిల్లి పాదాలు నాక్కుంటుంది కదా. పాత ఫోను ఒకటి ఉంటే కెమెరా యాప్ పెట్టి ఛార్జింగులో ఉంచి గిన్నె వైపు తిప్పి పెట్టండి. ఎవరు తింటున్నారో తెలుస్తుంది, మీరు రాత్రంతా కాపలా కాసే పని తప్పుతుంది.

దాని లిట్టర్ (అది మలమూత్రాలకు వెళ్లే ఇసుక) తెచ్చి బయట పోయమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. ఆ వాసనకు చుట్టుపక్కల గండుపిల్లులు వచ్చి అది తమ జాగా అన్నట్టు కాపలా కాస్తే, భయపడి దాక్కున్న ఆడపిల్లి ఇంకా లోపలికి పోతుంది. దాని బదులు మీరు వాడి విడిచిన నైటీయో టవలో, ఉతకకుండా, తిండి గిన్నె పక్కన పెట్టండి.

పిలవొద్దన్నాను కదా అని పూర్తిగా మౌనంగా ఉండనక్కర్లేదు. అర్ధరాత్రి మెట్ల మీద కూర్చుని, రోజూ దానితో ఇంట్లో మాట్లాడినట్టు మెల్లగా ఏదో ఒకటి మాట్లాడండి. తిండి డబ్బా చప్పుడు చేయండి. అప్పుడు పది నిమిషాలు ఊరుకుని చెవులు రిక్కించి వినండి. సన్నటి "మ్యావ్" ఒక్కటి వచ్చినా చాలు. నలుగురైదుగురు ఒకేసారి అరుస్తూ తిరగడం, పిల్లలు పరుగెత్తడం మాత్రం వద్దే వద్దు.

పోస్టర్ వేయండి, కానీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి పనైపోయిందనుకోకండి. మీ పిల్లిని చూసే మనుషులు ఆ గ్రూపులో ఉండరు. తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి, పేపరతను, రోడ్లు ఊడ్చే అమ్మలు, చెత్త ఆటో వాళ్లు, ఇస్త్రీ బండి, చికెన్ కొట్టు, వీధి పిల్లులకు అన్నం పెట్టే ఏ పెద్దావిడో, వీళ్ల దగ్గరికి వెళ్లి చేతిలో ఫొటో పెట్టండి. మీ ఏరియాలో తెలుగుతో పాటు హిందీ, ఉర్దూ కూడా రాయించండి. ఫొటో పెద్దదిగా, అక్షరాలు నాలుగే ఉండాలి: పిల్లి తప్పిపోయింది, ఏ చోట, ఫోన్ నంబరు, బహుమతి. నల్లపిల్లి అయితే ఒక జాగ్రత్త. ఎదురొస్తే అపశకునమని తరిమేవాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే "మా ఇంటి పెంపుడు పిల్లి, కొట్టకండి, తరమకండి, ఫోన్ చేయండి చాలు" అని తప్పకుండా రాయండి. హైదరాబాద్‌లో బ్లూక్రాస్ జంతు సంరక్షణ సంస్థకు, దగ్గర్లోని పశువుల డాక్టర్లకు ఒక ఫొటో పంపి ఉంచండి.

పిల్లి ఒంటి మీది ఒక గుర్తు ఎవరికీ చెప్పకండి, ఫొటోలో కూడా కనబడనివ్వకండి. కాలి కింద మచ్చో, తోక కొసన వంకరో ఏదైనా సరే. "మీ పిల్లి నా దగ్గరుంది, ముందు రెండు వేలు ఫోన్‌పే చేయండి" అని ఫోన్లు వస్తాయి. ఆ గుర్తు అడగండి, వీడియో కాల్‌లో చూపించమనండి. చూపించలేకపోతే పైసా పంపకండి. బాధలో ఉన్నప్పుడు మనం ఏదైనా నమ్ముతాం, అది వాళ్లకు బాగా తెలుసు.

ఇదంతా ఇంటి పిల్లి సంగతి. చదివేవాళ్లలో వేరే పరిస్థితి ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. రోజూ బయట తిరిగొచ్చే పిల్లి రాలేదంటే దారిలో ఏదో ఆపిందని అర్థం: ఎక్కడో ఇరుక్కుంది, దెబ్బ తగిలింది, లేదా ఎవరో తలుపు వేసేశారు. దాని రోజువారీ దారిలో వెతకాలి. ఆపరేషన్ కాని గండుపిల్లి అయితే ఎదకొచ్చిన ఆడపిల్లి వెనక చాలా దూరం పోతుంది. రాజమండ్రిలో మా అక్కయ్యగారి గండుపిల్లి పదిహేడో రోజున చెవి చిరిగి, మెడ మీద చీముగడ్డతో వచ్చింది. ఇల్లు మారిన కొత్తలో తప్పిపోతే పాత ఇంటి దగ్గర కూడా చూడాలి, అక్కడివాళ్లకు చెప్పి ఉంచాలి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంటే ఆటోలోంచి దూకిపోతే, దూకిన చోటే చుట్టూ వెతకాలి తప్ప ఇంటి దగ్గర కాదు.

ఇక కనబడినప్పుడు చేసే పొరపాటు. ఆనందం పట్టలేక చేయి చాచి లాగుతారు. అది రక్కి, కరిచి, ఈసారి నిజంగానే దూరం పారిపోతుంది. కనబడగానే ఆగండి. నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి, దాని కళ్లలోకి తేరిపార చూడకండి, కళ్లు మెల్లగా మూసి తెరవండి. తిండి మీకూ దానికీ మధ్య పెట్టండి. అది తింటూ ఉంటే రెండోసారి ఇంకాస్త దగ్గరగా పెట్టండి. పిల్లిని మోసుకెళ్లే పెట్టె (కారియర్) తలుపు తెరిచి, లోపల దాని పాత గుడ్డ పరిచి పక్కనే ఉంచండి. ఎత్తుకుని చేతుల్లో మోసుకుని మాత్రం మెట్లు ఎక్కకండి. ఎవరి కుక్కర్ విజిల్ వచ్చినా, లిఫ్టు తలుపు చప్పుడైనా మీ చేతుల్లోంచి మళ్లీ ఎగిరిపోతుంది. కారియర్ లేకపోతే మందపాటి టవలుతో మెడ నుంచి కాళ్లదాకా చుట్టి, మూత ఉన్న బుట్టలో పెట్టి తీసుకెళ్లండి. గంటలు గడిచినా రాకపోతే జంతు సంరక్షణ సంస్థల దగ్గర పిల్లుల్ని పట్టే బోను దొరుకుతుంది. బోను పెడితే పైన గుడ్డ కప్పి, మీరెవరో ఒకరు దగ్గర్లోనే ఉండి చూసుకోండి. ఎండలో వదిలేయకండి.

దాని గోరో పన్నో మీకు దిగితే, తెలిసిన పిల్లే కదా అని ఊరుకోవద్దు. సబ్బుతో, కుళాయి నీటి ధార కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లి రేబీస్ టీకా గురించి అడగండి. బయట అది ఎవరితో పోట్లాడిందో మనకు తెలియదు.

ఇంటికి వచ్చాక ఒక్క గదిలో ఉంచండి, నీళ్లు, లిట్టర్, చీకటి మూల ఒకటి. ఒకేసారి గిన్నె నిండా పెట్టకండి, కొంచెం కొంచెంగా గంటల తేడాతో పెట్టండి. మూడు నాలుగు రోజులు తిండి లేని పిల్లికి కాలేయంలో కొవ్వు చేరే ప్రమాదం ఉంది. తినకుండా ముడుచుకుని పడుకుంటే మర్నాటి దాకా ఆగొద్దు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది అత్యవసరం. మూడో అంతస్తు నుంచి పడిన పిల్లి పైకి బాగానే కనబడొచ్చు, కానీ లోపల ఛాతీకి, దవడకు దెబ్బ ఉండొచ్చు. నొప్పికని పారాసెటమాల్ చుక్క కూడా వేయకండి. మనకు మందే గానీ, పిల్లికి అది విషం.

చెప్పడానికి మనసొప్పని మాట కూడా ఒకటి చెప్పాలి. రోజూ పొద్దున్నే రోడ్లు ఊడ్చేవాళ్లను "రోడ్డు మీద పిల్లి ఏదైనా పడి ఉందా?" అని కూడా అడగండి. నేను వెతికిన వాటిలో కొన్నింటి కబురు అలాగే తెలిసింది. తెలియకుండా నెలల తరబడి కిటికీ దగ్గర కూర్చునే వాళ్లను చూశాను, అది ఇంకా కష్టం. కానీ మూడో రోజున ఆ ఆలోచనకు చోటివ్వాల్సిన పనిలేదు. వారం దాటితే ఆకలికి, దాహానికి తట్టుకోలేక బయటపడేవి చాలా ఉంటాయి, అందుకే ఎనిమిదో రోజో పదో రోజో "ఇక లాభం లేదు" అని గిన్నె తీసేయకండి. మూడు నెలలు దాటాక దొరికేవి చాలా తక్కువ. ఆలోపు మాత్రం వెతుకుతూనే ఉండండి. మౌలాలి దగ్గర ఒకటి నలభై ఒకటో రోజున, వాళ్ల సెల్లార్‌లోనే, గిన్నె దగ్గర పెట్టిన కెమెరాలో కనబడింది.

ఈ రోజు సాయంత్రం చేయాల్సినవి వరుసగా: కెమెరా రికార్డింగు, డక్ట్ తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడం, తాళం వేసిన ఫ్లాట్ల జాబితా. రాత్రి పదకొండుకు టార్చి. మీ బాత్రూము కిటికీకి మెష్ ఉందో లేదో, మీ కింది రెండు ఫ్లాట్లలో మనుషులున్నారో లేదో ఇక్కడ రాయండి. రాత్రి పన్నెండు దాకా మేలుకునే ఉంటాను.